‘అమ్మ రేపు వస్తుంది’ అని చెప్పడం మానేయండి

ప్రశ్న:

నమస్కారం అమ్మా. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటిపనికి కువైట్ వెళ్లి ఏడాది దాటింది. అల్లుడు హైదరాబాదులో కారు నడుపుతాడు, పండగలకు వచ్చి వెళ్తుంటాడు. నాలుగేళ్ల మనవడు మా దగ్గరే పెరుగుతున్నాడు. మొదట్లో బాగానే ఉండేవాడు. ఈ మూడు నాలుగు నెలలుగా వాడి కోపం పట్టలేకపోతున్నాము. అనుకున్నది జరగకపోతే నేలమీద పడి కాళ్లు కొట్టుకుంటాడు, చేతికి ఏది దొరికితే అది విసురుతాడు. రాత్రి వాళ్లమ్మ వీడియో కాల్ చేస్తే సరిగా మాట్లాడడు, ఆమె పెట్టేయగానే మాత్రం శివాలెత్తిపోతాడు. ఒకసారి ఫోను గోడకేసి కొట్టాడు. మొన్న అట్లకాడతో నా మోచేతి మీద కొడితే వాచిపోయింది. అంగన్‌వాడీలో ఒక పిల్లను కొరికాడని టీచరు కబురు పంపింది. మా ఆయన రెండు తగిలిస్తేగానీ దారికి రాడంటారు. మా అబ్బాయి ‘మగపిల్లవాడికి ఆ మాత్రం పౌరుషం ఉండాలి’ అని నవ్వుతాడు. ఇరుగుపొరుగు వాళ్లు ‘అల్లరి చేస్తే మీ అమ్మ అక్కడే ఉండిపోతుంది’ అని బెదిరిస్తే కాసేపు ఊరుకుంటాడు. నేను ‘అమ్మ రేపు వచ్చేస్తుందిలే నాన్నా’ అని సముదాయిస్తుంటాను. ఫోను మాట్లాడించడం మానేస్తే నెమ్మదిస్తాడని కొందరు అంటున్నారు. మానేయమంటారా? కొట్టకుండా వీడి కోపం తగ్గించే దారి ఏదైనా ఉందా?

ఒక అమ్మమ్మ

సమాధానం:

అమ్మా,

ఫోను మానేయకండి. మిగతా అన్నిటికంటే ముందు ఈ మాట చెప్పాలి. వాడికి కోపం వస్తున్నది ఫోను వచ్చినందుకు కాదు, పెట్టేసినందుకు. మాటలు ఆపేస్తే ఇంట్లో గోల కొన్నాళ్లు తగ్గవచ్చు, నిజమే. కానీ వాడి లెక్కలో అమ్మ ఇంకోసారి వెళ్లిపోయినట్టు అవుతుంది. మొదటిసారి మనిషి దూరమైంది, ఈసారి గొంతు కూడా వినబడకుండా పోతుంది. నాలుగేళ్ల పిల్లవాడికి అంత శిక్ష వేయవలసిన తప్పేమీ జరగలేదు.

మానేయవలసింది వేరే ఉంది. మీ నోటి నుంచి ఎంతో ప్రేమగా వస్తున్న మాట అది: ‘అమ్మ రేపు వచ్చేస్తుందిలే.’

మీరు ఎందుకు అలా అంటున్నారో అర్థం చేసుకోగలను. ఏడుస్తున్న పసివాడి ముందు ‘ఇంకా చాలాకాలం రాదు’ అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ పూటకు వాడి కన్నీళ్లు ఆగితే చాలనిపిస్తుంది. అయితే ఒక్కసారి వాడి వైపు నుంచి చూడండి. వారం, నెల, ఏడాది అనే లెక్కలు ఆ వయసుకు అందవు గానీ, పడుకుని లేస్తే వచ్చేది రేపు అని మాత్రం వాడికి తెలుసు. పడుకున్నాడు, లేచాడు, అమ్మ లేదు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేచాడు. రాత్రి తెరమీద నవ్వుతూ కనబడింది, ఇంతలోనే మాయమైంది. ఏడాదిగా వాడికి జరుగుతున్నది ఇదే. మొదట్లో బాగానే ఉండేవాడని రాశారు. మొదట్లో మీ మాట నమ్మాడు. ఇప్పుడు నమ్మలేకపోతున్నాడు. ఆ సంగతి నోటితో చెప్పడానికి వాడి దగ్గర మాటలు లేవు, అందుకే చేతులతో చెబుతున్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మ దగ్గర లేని ఈ రోజుల్లో వాడికి లోకమంతటిలో గట్టి ఆధారం మీరు. మీ మాటే ప్రతి పొద్దునా అబద్ధం అవుతుంటే, ‘కాసేపు ఆగు నాన్నా, ఇస్తాను’ అని మీరు నిజంగానే అన్నప్పుడు కూడా వాడు ఆగడు. ఆగినందువల్ల దొరికింది ఏమీ లేదని వాడి అనుభవం.

కాబట్టి నిజం చెప్పండి. వాడి వయసుకు పట్టేంత నిజం చాలు. ‘అమ్మ కువైట్‌లో పని చేస్తోంది. అది చాలా దూరం, విమానంలో వెళ్లాలి. అమ్మ రేపు రాదు. ఇంకా చాలాసార్లు పడుకుని లేవాలి. అమ్మ వచ్చే రోజు తెలియగానే ముందు నీకే చెబుతాను. అప్పటిదాకా నేను నీ దగ్గరే ఉంటాను.’ ఇంతకు మించి వద్దు. అప్పులు, ఏజెంటు, వీసా కథలు వాడికి అక్కర్లేదు. మొదటిసారి చెప్పిన రోజు వాడు భోరున ఏడవవచ్చు. ఏడవనివ్వండి. ఆ ఏడుపు ఏడాదిగా బాకీ ఉంది. ఒళ్లో కూర్చోబెట్టుకోండి, మీకూ కన్నీళ్లు వస్తే దాచుకోకండి. ‘నాకూ మీ అమ్మ గుర్తొస్తోంది’ అనండి. తనకు ఒక్కడికే ఇలా లేదని తెలియడం పిల్లవాడికి పెద్ద ఊరట.

మీ అమ్మాయికి సెలవు ఖాయమై టికెట్టు చేతికి వచ్చాక పండగల గుర్తులు పెట్టి చెప్పండి. జగ్గన్నతోట ప్రభలు అయిపోతాయి, ఆ తర్వాత అంతర్వేది తీర్థం వస్తుంది, ఆ తర్వాత అమ్మ వస్తుంది, ఇలాగన్నమాట. పిల్లలకు తేదీలు అందవు గానీ తీర్థాలు, తిరణాలలు గుర్తుంటాయి. టికెట్టు లేకుండా పండగ పేరు చెప్పారా, అది ఇంకో ‘రేపు’ అయి కూర్చుంటుంది.

ఇరుగుపొరుగు వాళ్ల బెదిరింపు సంగతి దీనికంటే ఘోరం. ఈ విషయంలో మీరు మొహమాటపడవద్దు. చుట్టూ జరిగే మంచిచెడులన్నిటికీ తానే కారణమనుకునే వయసు అది. ‘అల్లరి చేస్తే అమ్మ రాదు’ అని ఎవరైనా అంటే, అమ్మ వెళ్లింది కూడా తన అల్లరి వల్లనే అని తేల్చుకుంటాడు. కాసేపు ఊరుకుంటున్నాడని రాశారు, అది భయంతో బిగుసుకుపోవడం. లోపల ఉన్నది తర్వాత ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడుతుంది. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే వాడు వింటుండగానే చెప్పండి: ‘అలా అనకండి. వాడి అల్లరికీ వాళ్లమ్మ రాకకూ సంబంధం లేదు. పని కోసం వెళ్లింది, పని అయ్యాక వస్తుంది.’ ఆ నిమిషంలో మనవడి ముఖం గమనించండి. బూచాడు, పోలీసులు, డాక్టరు సూది, ఈ భయాలు కూడా ఇంట్లోంచి వెళ్లిపోవాలి.

ఇప్పుడు ఫోను మాట. ‘రాత్రి’ అని రాశారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మీ అమ్మాయి వంటిల్లు సర్దుకుని అక్కడ తొమ్మిదిన్నరకు ఫోను పట్టుకుంటే మీకు అర్ధరాత్రి పన్నెండు. అంటే పిల్లవాణ్ణి అంతదాకా మేలుకొని ఉండనివ్వాలి, లేదా నిద్రలోంచి లేపి కూర్చోబెట్టాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఉంది. నిద్ర కళ్లతో ఉన్న పిల్లవాడు అమ్మను చూసి, అమ్మను పోగొట్టుకుని, మళ్లీ నిద్రపోవాలి. పెద్దవాళ్లకే కష్టమైన పని అది.

పొద్దుటి వేళకు మార్చగలరేమో మీ అమ్మాయిని అడగండి. అక్కడ అయిదున్నర అయితే ఇక్కడ ఎనిమిది. ఆమె పని అందుకోకముందు, వాడు అంగన్‌వాడీకి వెళ్లేముందు, పది నిమిషాలు. రోజూ కుదరకపోతే వారానికి రెండు మూడు రోజులైనా సరే. ఏ రోజులు, ఏ వేళ అన్నది మాత్రం మారకూడదు. ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోను కోసం పిల్లవాడు రోజంతా చెవి ఒగ్గి ఉంటాడు. యజమానుల ఇంట్లో ఆమె వేళ ఆమె చేతిలో ఉండకపోవచ్చు. అప్పుడు తీరిక దొరికినప్పుడల్లా గొంతు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపమనండి. చిన్న కథ, జోలపాట, ‘నిద్రపో బంగారం’ అన్న ఒక్క మాట, ఏదైనా సరే. అవి వాడు అడిగినప్పుడల్లా వినిపించవచ్చు. అడిగినప్పుడు దొరికే అమ్మ గొంతు వాడికి ఎంతో అవసరం.

మాట్లాడేటప్పుడు ఏమి జరుగుతోందో కూడా గమనించండి. చాలా ఇళ్లలో అది విచారణలా నడుస్తుంది. ‘అన్నం తిన్నావా? అల్లరి చేయడం లేదు కదా? అమ్మమ్మను కొట్టావటగా?’ నాలుగేళ్లవాడు తెర ముందు కూర్చుని వీటికి జవాబులు చెప్పలేడు. సరిగా మాట్లాడడని మీరు రాసింది అందువల్లే కావచ్చు. ఫోనును చెంబుకు ఆనించి పెట్టండి. వాడు ఇడ్లీ తింటూ ఉంటే వాళ్లమ్మ చూస్తూ ఉండనివ్వండి. ఆమె అక్కడి కిటికీలోంచి కనబడే వీధిని చూపించవచ్చు, వాడు కొత్తగా పుట్టిన దూడను చూపించవచ్చు. మాటలు లేకపోయినా పరవాలేదు. పెట్టేసే ముందు ఇంకా రెండు నిమిషాలే అని చెప్పాలి. ప్రతిసారీ ఒకే మాటతో సెలవు తీసుకోవాలి, ఆ ఎర్ర గుర్తును వాడి వేలితోనే నొక్కించాలి. అమ్మను ఎవరో లాగేసుకున్నట్టు కాకుండా, తానే వీడ్కోలు చెప్పినట్టు ఉంటుంది. పెట్టగానే మీరు పొయ్యి దగ్గరకు వెళ్లిపోకండి. కాసేపు వాడితోనే ఏదో పని పెట్టుకోండి. చెంబుతో మొక్కలకు నీళ్లు పోయనివ్వండి, కరివేపాకు దూయమనండి. ఆ పావుగంట మీరు పక్కన ఉంటే శివాలెత్తడం చాలావరకు తగ్గుతుంది.

వాడి అల్లరి గురించి మీ అమ్మాయికి చెప్పుకోవలసింది ఉంటే వాడు వినని వేళ చెప్పండి. దూరాన ఉన్న ఆ తల్లికి కూడా అది న్యాయం. బిడ్డను వదిలి వచ్చానన్న బాధ ఆమెకు ఎటూ ఉంటుంది.

ఇక కోపం వచ్చిన ఆ క్షణం. అట్లకాడ సంగతే తీసుకుందాం, మళ్లీ అలాంటిదే జరిగిందనుకోండి.

ముందుగా ఆ వస్తువు చేతిలోంచి తీసేయండి, పొయ్యి దగ్గర నుంచి వాణ్ణి పక్కకు తీసుకురండి. మణికట్టు దగ్గర పట్టుకోండి, నొప్పి కలగకుండా, విడిపించుకోలేనంత గట్టిగా. మీ ముఖం వాడి ముఖానికి ఎదురుగా ఉండాలి. మోకాళ్లు సహకరించకపోతే పీట వేసుకుని కూర్చోండి. గొంతు పెంచకుండా రెండే మాటలు: ‘నీకు చాలా కోపం వచ్చింది. కొట్టనివ్వను.’ అంతే, ఆగిపోండి. ‘ఎందుకు కొట్టావు? నిన్ను ఎంత బాగా చూసుకుంటున్నాను! నీకు ఏమి తక్కువ చేశాను?’ ఇవన్నీ మీ మనసులో ఉన్న మాటలే, న్యాయమైన మాటలే. కానీ అప్పుడు వాడికి ఒక్కటీ వినబడదు. బిస్కెట్టు ఇస్తానని బేరం పెట్టవద్దు, ఫోనులో బొమ్మలు పెట్టి చేతికి ఇవ్వవద్దు. వాడు తోసేస్తే చేయి చాపినంత దూరంలో కూర్చోండి. గదిలో ఒంటరిగా పెట్టి తలుపు వేయకండి. ఒకసారి వదిలి వెళ్లిపోయారన్న బాధలోంచే ఈ కోపం పుట్టింది.

ఎంతసేపు అంటారా? మీరు అనుకునేంత సేపు కాదు. మైఖేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే అమెరికా పరిశోధకులు ఏడాదిన్నర నుంచి అయిదేళ్ల వరకు వయసున్న పిల్లల కోపతాపాలను తల్లిదండ్రుల చేత వివరంగా రాయించి, ఏ నిమిషంలో ఏమి జరుగుతోందో పరిశీలించి 2003లో ప్రకటించారు. నాలుగింట మూడు వంతులు అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. మీ మనవడి విషయంలో అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అరవడం, తన్నడం, విసరడం మొదట్లోనే ఎగసి తగ్గిపోతాయి. ఏడుపు, ఓదార్పు కోసం దగ్గరకు రావడం మాత్రం చివరిదాకా సాగుతాయి. కోపం పైన కనబడుతుంటే కింద దుఃఖం నడుస్తూనే ఉంటుంది. అరుపు కాస్తా వెక్కిళ్లుగా మారే చోటు ఒకటి వస్తుంది. గొంతులోనే తెలిసిపోతుంది. అప్పుడు చేతులు చాపండి, వస్తాడు. నీళ్లు తాగించండి. మాట్లాడవలసింది ఆ తర్వాతే.

మీ వైపు కాలువల మీద లాకులు చూసే ఉంటారు. ఎగువ మట్టంలో ఉన్న పడవ దిగువకు పోవాలంటే లాకులోకి రావాలి, వెనక తలుపు మూయాలి, లోపలి నీరు మెల్లగా దిగాలి. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా ముందు తలుపు ఎంతమంది తోసినా కదలదు. లాకు తలుపులు నడిపే లస్కరుకు ఆ సంగతి తెలుసు కాబట్టి నీటితో పోట్లాడడు, పక్కన నిలబడి ఉంటాడు. కోపంలో ఉన్న పిల్లవాడికి బుద్ధులు చెప్పడం నీరు దిగకముందు తలుపు తోయడమే. కోపాన్ని, భయాన్ని రగిలించే మెదడు భాగాలు పసితనం నుంచే చురుగ్గా ఉంటాయి. వాటిని అదుపు చేసే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది ఇరవై అయిదేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. వాడు కావాలని మొండికేస్తున్నాడని మీకు అనిపించినప్పుడల్లా ఈ మాట గుర్తుచేసుకోండి.

అంతా సద్దుమణిగాక దెబ్బ సంగతి వదిలేయమని కాదు. తడిగుడ్డ తెచ్చి మీ మోచేతి మీద వేయమనండి. ‘ఇక్కడ నొప్పిగా ఉంది, పట్టుకో’ అనండి. ‘సారీ చెప్పు, గుంజీలు తీయి’ అనడం కంటే అది ఎక్కువ నేర్పుతుంది. అంగన్‌వాడీలో వాడు కొరికిన ఆ పిల్లకు కూడా అలాగే ఏదైనా చేయించమని టీచరుతో చెప్పండి. గ్లాసుతో నీళ్లు ఇవ్వడం, విరిగిన బొమ్మ అతికించడంలో సాయం చేయడం వంటివి. వాళ్లమ్మ సంగతి కూడా టీచరుకు చెప్పి ఉంచండి. సాయంత్రం మిగతా పిల్లల కోసం తల్లులు వచ్చే వేళ వాడు ఎలా ఉంటున్నాడో ఆమెను ఒక కన్నేసి ఉంచమనండి.

జాగ్రత్త మాట ఒకటి. కోపంలో విసురుగా బయటికి పరుగెత్తే పిల్లలు ఉంటారు. మీ ప్రాంతంలో ఇంటి వెనకే పంట కాలువో, చేపల చెరువో ఉంటుంది. ప్రపంచం మొత్తంమీద నీటిలో మునిగి చనిపోయేవారిలో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలదే అన్ని వయసులకంటే ఎక్కువ రేటు. కాలువవైపు దడి, గేటుకు పైన గొళ్లెం తప్పకుండా ఉండాలి. కత్తిపీట, కొబ్బరి కోరాము నేలమీద ఉంచకండి.

మీ ఆయన విషయం. ఆయన మనవడి మంచి కోరే అంటున్నారు, మన తరాల్లో చాలామంది అలాగే పెరిగారు. కానీ ‘అమ్మమ్మను కొట్టకూడదు’ అని చెబుతూ కొడితే పిల్లవాడు మాట వినడు, చేయి చూస్తాడు. బలమున్నవాడు కొట్టవచ్చని నేర్చుకుంటాడు. అంగన్‌వాడీలో తనకంటే చిన్నవాళ్లను కొట్టడం దాని తర్వాతి మెట్టు. ఆయనను విమర్శించకండి, ఒక పని అప్పగించండి. మనవణ్ణి సాయంత్రం రోజూ తనతో చేలోకో, రేవుకో తీసుకెళ్లమనండి. తాతయ్యతో కలిసి నడిచిన పిల్లవాడు తాతయ్య మాట వింటాడు.

మీ అబ్బాయి మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. విసిరితే ‘పౌరుషం’ అని నవ్వే మేనమామ, వాడు ఏడిస్తే ‘ఛీ, ఆడపిల్లలా ఏడుస్తావా’ అనే ఉంటాడని నా అనుమానం. ఏడుపుకు అనుమతి లేని మగపిల్లవాడికి దిగులు, భయం, బెంగ, సిగ్గు అన్నీ కోపం రూపంలోనే బయటికి వస్తాయి, మెచ్చుకోలు దక్కేది దానికే కాబట్టి. నాలుగేళ్లకు ముచ్చటగా కనబడిన ఆ చేయి పద్నాలుగేళ్లకు ఇంటిల్లిపాదినీ భయపెడుతుంది. మేనమామ అంటే ఆ వయసు పిల్లవాడికి హీరో. అతనే ఒకరోజు మేనల్లుడి పక్కన చతికిలబడి ‘అమ్మ గుర్తొచ్చిందా? ఏడువు, పరవాలేదు’ అంటే, మనం చెప్పే వంద మాటలకంటే అది బాగా పనిచేస్తుంది. ఈ ఉత్తరం అతని చేత చదివించండి.

కోపం లేని వేళల్లో నేర్పవలసినవి కొన్ని ఉన్నాయి. ముందు పేర్లు. ‘ఆకలి వేసి చిరాకుగా ఉన్నావు’, ‘బంతి పోయిందని దిగులుగా ఉంది కదూ’, ‘నేను నీ వైపు చూడలేదని కోపం వచ్చిందా’. మీకు కలిగినవి కూడా పైకి అనండి: ‘పాలు పొంగిపోయాయి, నాకు భలే చిరాకు వచ్చింది, కాసేపు అరుగు మీద కూర్చుంటాను.’ మాట వచ్చిన కొద్దీ చేయి తగ్గుతుంది. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో అడగండి. పిడికిలి బిగుసుకుంటుందా, చెవులు వేడెక్కుతాయా, పళ్లు కొరుకుతాడా. పిల్లలు చాలా సరదాగా చూపిస్తారు.

కొబ్బరాకుతో బూర చుట్టి ఇవ్వండి. మీ ఇంట్లో ఆకుకు కొదవ ఉండదు. మెల్లగా, పొడుగ్గా, ఎవరు ఎక్కువసేపు ఊదుతారో చూద్దామని మీరూ ఊదండి. ఊపిరి నిదానంగా బయటికి వదిలితే గుండె వేగం తగ్గుతుంది. వాడికి ఆ సంగతి చెప్పనక్కర్లేదు, ఆటగా అలవాటైతే చాలు. బాగా అలవాటయ్యాక, కోపం పొంగుతున్న మొదటి గుర్తు కనబడగానే బూర చేతికి ఇవ్వవచ్చు. కోపం ముదిరాక ఇస్తే దానినే విసురుతాడు. చప్పట్లు కొడుతుంటే పరుగెత్తడం, ఆపగానే కొయ్యబొమ్మలా నిలబడిపోవడం, ఇది ఇంకో మంచి ఆట. తనను తాను ఆపుకోవడం నవ్వుతూ నేర్చుకుంటాడు. దిండును కొట్టించండి, కసి తీరిపోతుంది అనే సలహా మీకు ఎవరైనా ఇస్తే పాటించకండి. కొట్టి తీర్చుకున్న కోపం తగ్గదని, పెరుగుతుందని పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. చిన్నవాళ్లకు మాత్రం కొట్టడం అలవాటు చేయడం దేనికి?

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. 1931లో అమెరికాలో ఫ్లోరెన్స్ గుడ్‌ఎనఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లుల చేత పిల్లల కోపాలను రోజువారీగా రాయించినప్పుడు భోజనానికి ముందు వేళల్లో, నిద్ర చాలని రోజుల్లో, జలుబు వంటివి ఉన్నప్పుడు అవి ఎక్కువగా కనబడ్డాయి. మీరూ రెండు వారాలు రాయించండి: ఏ వేళ, దానికి ముందు ఏమి జరిగింది, ఎంతసేపు. మీ అబ్బాయికే ఆ పని ఇవ్వండి. అంగన్‌వాడీ నుంచి రాగానే ఒక అరటిపండు, ఇన్ని అటుకులు బెల్లం పెడితే సగం గొడవలు తగ్గే ఇళ్లు ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోపిస్తే పిల్లలు చిరచిరలాడతారు, నిద్ర కూడా సరిగా పట్టదు. వారానికి రెండుసార్లు ఇవ్వవలసిన ఐరన్ సిరప్ వాడికి అందుతోందో లేదో ఆశా కార్యకర్తను అడగండి, నులిపురుగుల మాత్ర సంగతి కూడా.

ఇవన్నీ నాలుగైదు వారాలు ఓపికగా చేస్తే మార్పు కనబడాలి. మొదటి వారం ఇంకా ఎక్కువ చేయవచ్చు, పాత పద్ధతి పనిచేస్తుందేమోనని చూస్తాడు, అందుకు బెదిరిపోకండి. కోపం తరచుగా అరగంట దాటుతున్నా, తలను గోడకేసి కొట్టుకోవడం, తనను తాను గాయపరచుకోవడం ఉన్నా, రోజుకు చాలాసార్లు వస్తున్నా, మాటలు సరిగా రాకపోయినా, పిలిస్తే పలకకపోయినా, ఆటలే మానేసి ముడుచుకుపోయినా పిల్లల వైద్యునికి చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి, ఎప్పుడు వస్తారో టీచరుకు తెలుస్తుంది. మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ చేసినా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో చెబుతారు. అది మనవడి కోసమే కాదు, మీ కోసం కూడా. ఈ వయసులో మళ్లీ పసిపిల్లవాణ్ణి పెంచడం మామూలు శ్రమ కాదు. మధ్యాహ్నం వాడు అంగన్‌వాడీలో ఉన్నప్పుడు పనులన్నీ నెత్తిన వేసుకోకుండా ఒక గంట పడుకోండి.

చివరిగా, మీ అమ్మాయి వచ్చే రోజు గురించి. 1952లో బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ తల్లికి దూరంగా ఆసుపత్రుల్లో ఉంచిన పసిపిల్లలను గమనించి రాశారు. పిల్లలు మొదట ఏడ్చి గోల చేస్తారు, తర్వాత దిగులు పడిపోతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు తయారవుతారు, తల్లి తిరిగి వచ్చినా ముఖం తిప్పుకుంటారు. మీ మనవడు ఇంకా గోల చేస్తున్నాడంటే అమ్మ మీద ఆశ వదులుకోలేదని అర్థం. అందుకు నేను సంతోషిస్తున్నాను. అయినా ఆమె గుమ్మంలోకి వచ్చినప్పుడు వాడు మీ కొంగు వెనక దాక్కోవచ్చు, ఆమె తెచ్చిన బొమ్మను విసిరేయవచ్చు, వారం తర్వాత ఆమెనే కొట్టవచ్చు. ఏడాది కష్టపడి వచ్చిన తల్లికి అది తట్టుకోలేని దెబ్బ. ముందే ఫోనులో చెప్పి ఉంచండి. వచ్చిన రాత్రే వాణ్ణి మీ పక్కనుంచి లాగి ఆమె పక్కన పడుకోబెట్టవద్దు. మొదటి కొన్ని రోజులు ముగ్గురూ ఒకే గదిలో పడుకోండి. అన్నం మీరే తినిపిస్తుంటే ఆమె పక్కన కూర్చోవాలి, తర్వాత ఒక ముద్ద ఆమె పెట్టాలి. మళ్లీ కువైట్ వెళ్లవలసి ఉంటే ఆ సంగతి వాడికి చెప్పే వెళ్లాలి. నిద్రపోతుండగా వెళ్లిపోకూడదు, ఎంత ఏడ్చినా సరే.